కట్టని అంతస్తుల వెల

హైదరాబాదు శివార్లలో వెలసిన పాత కాలనీలకు, పల్లెకు గాని నగరం నడిబొడ్డున ఉండే పేటకు గాని లేని ఒక లక్షణం ఉంది: అవి ఇంచుమించు ఒకే కాలంలో పుట్టి, ఒకే ఈడు పిల్లల్లా కలిసి పెరిగి, ఒకేసారి ముసలివవుతాయి. పల్లెలో తాతల నాటి పెంకుటింటి పక్కనే నిరుడు పోసిన స్లాబు ఉంటుంది, పాతబస్తీ గల్లీలో నాలుగు తరాల గోడలు ఒకదాన్నొకటి ఆనుకొని నిలబడతాయి. అక్కడ ఒక ఇల్లు కూలినా, ఒక కుటుంబం తరలిపోయినా వీధి స్వభావం మారదు, ఎందుకంటే ఆ వీధిలో అన్ని వయసులూ ఎప్పుడూ ఉంటాయి. కాలనీ అలా కాదు. అది ఒక లేఅవుటు మీద, ఒక కేటాయింపు జాబితా మీద, ఒక తరహా జీతాల మీద పుట్టిన ఊరు కాబట్టి, అందులో సొంతిల్లు కొనదలచిన కుటుంబం ఇంటి వయసు కంటే ముందు కాలనీ వయసును లెక్కకట్టుకోవలసి ఉంటుంది. బేరాల్లో మాత్రం ఈ లెక్క అరుదుగా వినబడుతుంది.

1960ల నుంచి హైదరాబాదు పొలిమేరల్లో ప్రభుత్వరంగ సంస్థలు ఒకదాని వెంట ఒకటి వెలిశాయి: రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, బాలానగర్‌లో ఐడీపీఎల్, తూర్పున 1967లో అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో ఈసీఐఎల్. కర్మాగారం ఎక్కడుంటే ఉద్యోగుల కాలనీ అక్కడికి సైకిలు దూరంలో మొలిచింది. సాంబశివరావు పేరు ఏ.ఎస్.రావు నగర్‌గా, సైనికోద్యోగుల స్థిరనివాసం సైనిక్‌పురిగా ఇప్పటికీ చిరునామాల్లో నిలిచి ఉన్నాయి. 1956 నాటి చట్టం మీద నడిచిన గృహనిర్మాణ మండలి, అంటే జనం నోట హౌసింగ్ బోర్డు, ఇళ్లను అల్పాదాయ, మధ్యాదాయ, అధికాదాయ వర్గాలుగా విడగొట్టి కట్టింది. ఆ వర్గాల పొట్టి పేర్లయిన ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అనేవి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇంటి నంబర్లలో భాగమైపోవడం వల్ల, ఒకనాటి గుమాస్తా జీతం నేడు కోటి దాటిన ఇంటి గుమ్మానికి ఇంకా వేలాడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో గృహరుణం బ్యాంకు వెంటపడి ఇచ్చే సరుకు కాదు. ఇళ్ల అప్పుల కోసమే పుట్టిన హెచ్‌డీఎఫ్‌సీ సైతం 1977 నాటిది. ఉద్యోగికి ఉన్న దిక్కు ప్రభుత్వమిచ్చే గృహనిర్మాణ అడ్వాన్సు, సహకార సంఘంలో సభ్యత్వం, ఇంట్లో ఉన్న నాలుగు తులాల బంగారం. అందుకే ఆ ఇళ్లు ఒక్కసారిగా లేవలేదు: ముందు రెండు గదులు, పెద్దమ్మాయి పెళ్లికి ముందు హాలు, పదవీ విరమణ సొమ్ముతో మేడ మీద ఒక వాటా.

ముప్పైలలో, నలభైలలో ఉన్న దంపతులు కొన్ని వందల మంది ఇలా ఒక్కచోట చేరినప్పుడు వారి జీవితాలు కూడా లేఅవుటులోని వీధుల్లాగే సమాంతరంగా సాగాయి. వారి పిల్లలు అటూఇటూగా ఒకే కాలంలో బడికి వెళ్లారు, ఎంసెట్ రాశారు, బెంగళూరుకో డాలస్‌కో వెళ్లి స్థిరపడ్డారు. ఒకే ఈడున ఒకే అనుభవంలోకి అడుగుపెట్టిన ఇటువంటి జనసమూహాన్ని జనాభా శాస్త్రం కోహోర్టు అంటుంది. పరిభాష ఎంత బరువుగా ఉన్నా, దాని భావం తెలియడానికి సాయంత్రం ఏడు గంటలకు అటువంటి వీధిలో ఒకసారి నడిచి వస్తే చాలు. రెండంతస్తుల ఇంట్లో కింది గదిలో ఒక్క దీపం వెలుగుతుంటుంది, పై వాటాకు టులెట్ బోర్డు ఉంటుంది. పార్కులో ఉయ్యాల గొలుసులు తుప్పు పట్టి ఉంటాయి గాని బెంచీలు ఖాళీ ఉండవు. పొద్దున్నే పాలవాడి తర్వాత వచ్చేది బడి బస్సు కాదు, రక్తం నమూనాలు తీసుకువెళ్లే కుర్రాడి స్కూటరు. గేటు పలకల మీద ఉద్యోగపు హోదాకు ముందు ‘విశ్రాంత’ అన్న మాట కనిపిస్తుంది. కొన్ని పలకల మీద పేరున్న మనిషే ఇప్పుడు లేడు.

ఈ దృశ్యంలో విషాదం ఎంత ఉందో సమాచారం అంతకంటే ఎక్కువ ఉంది. ఒకే ఈడువారి ఇళ్లు వారసుల చేతికి రావడం కూడా ఇంచుమించు ఒకే దశాబ్దంలో జరుగుతుంది. విదేశంలో ఉన్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య 200 గజాల ఇల్లు ఉంటే, దాన్ని పంచుకోవడం కంటే అమ్ముకోవడం సుళువు. కాబట్టి ప్రశాంతంగా ఉందని, వేపచెట్ల నీడ ఉందని, ఇరుగుపొరుగు మర్యాదస్తులని ముచ్చటపడి కొనే కుటుంబం చూస్తున్నది ఆ కాలనీ తొలి అధ్యాయపు చివరి పేజీలను. వచ్చే పదిహేనేళ్లు ఆ కుటుంబం కాపురం ఉండబోయేది ఆ పేజీల్లో కాదు.

తర్వాతి అధ్యాయం ఎలా ఉంటుందో ఇంటి వెలలోనే రాసి ఉంటుంది. తెలుగు నేల మీద ఇళ్ల స్థలానికి కొలత కోస్తాలో, సీమలో సెంటయితే హైదరాబాదులో గజం. గజమంటే ఇక్కడ పొడవు కాదు, తొమ్మిది చదరపు అడుగుల చదరపు గజం. 200 గజాల పాత ఇంటికి అమ్మేవారు వెల చెప్పేటప్పుడు గోడలకు, తలుపులకు, టేకు కిటికీలకు విలువ కట్టరు, గజానికి ఇంత అని మాత్రమే చెబుతారు. ఆ గజం ధరను నిర్ణయించేది అందులో కాపురముండే కుటుంబం కాదు, దాన్ని పడగొట్టి కింద వాహనాలకు స్తంభాల అంతస్తు వదిలి, పైన వీలైనన్ని అంతస్తులు లేపి అమ్మగల నిర్మాణదారు. ఒక వనరును ఒక పనికి వాడినందువల్ల వదులుకోవలసి వచ్చే అత్యంత లాభసాటి మరో వాడుక విలువను అర్థశాస్త్రంలో అవకాశ వ్యయం అంటారు. పాత కాలనీలో ముంగిట మల్లెపందిరి వేసుకొని ఒక్క అంతస్తులో బతకాలనుకునే కుటుంబం ఆ వ్యయాన్ని రొక్కంగా, అదీ ముందుగానే చెల్లిస్తుంది: తాను ఎన్నడూ కట్టని అంతస్తులకు కూడా వెల ఇచ్చి కొంటుంది. ఇది తెలిసి ఇస్తే అభిరుచి; తెలియక ఇస్తే అది అప్పు వాయిదాల రూపంలో ఇరవై ఏళ్లు గుర్తుచేస్తూ ఉంటుంది.

దీనికి విరుగుడుగా కొందరు అదే కాలనీలో 1990లలో కట్టిన చిన్న అపార్ట్‌మెంటులో ఫ్లాటు చూస్తారు, అది తెలివి తక్కువ ఆలోచనేమీ కాదు. ఫ్లాటు కొన్నవారికి భూమిలో వచ్చే, గీత గీసి విడదీయలేని హక్కును అవిభాజ్య వాటా అంటారు. 500 గజాల్లో పది ఫ్లాట్లున్న పాత భవనంలో అది సగటున 50 గజాలు కాగా, ఆకాశహర్మ్యాల్లో అందులో చాలా తక్కువ మిగులుతుంది. అయితే ఆ పది కుటుంబాలూ ఏనాటికైనా ఒక మాట మీదకు వస్తేనే ఆ వాటా విలువ చేతికి అందుతుంది. లిఫ్టు మరమ్మతుకు చందా వసూలు చేసిన అనుభవం ఉన్నవారెవరికైనా అది ఎంత పెద్ద ‘అయితే’నో విడమరచి చెప్పనక్కరలేదు.

పక్క ప్లాటు నిర్మాణదారు చేతికి వెళ్లిన నాటి నుంచి పాత ఇంటి కష్టాలు కొత్త తరహాలో మొదలవుతాయి. వెలుతురు, గాలి, పెరటి చాటు పోవడం కంటికి కనిపించే నష్టం. కనిపించని నష్టం రోడ్డు కింద ఉంటుంది. పట్టణ నీటి సరఫరా ప్రణాళికల్లో మనిషికి రోజుకు 135 లీటర్ల నీరు కావాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. ప్లాటుకు అయిదుగురు చొప్పున వేసుకొని పరచిన మురుగు గొట్టంలోకి ఒక్కో ప్లాటు నుంచి చేరేది 700 లీటర్ల లోపే. అదే ప్లాటులో అయిదు ఫ్లాట్లు, ఇరవై మంది మనుషులు వచ్చాక అది 2,700 లీటర్ల దరిదాపుకు చేరుతుంది, గొట్టం మాత్రం నలభై ఏళ్ల కిందటిదే. అలా పొంగిన మురుగు పెరిగిన ఇంటి ముందు బయటపడదు. వీధి పల్లంలో మూత లేచిన మ్యాన్‌హోల్ దగ్గర బయటపడుతుంది, అక్కడ చాలాసార్లు ఉండేది పెరగని పాత ఇల్లే.

పల్లం అన్న మాట దగ్గర మరికొంతసేపు ఆగవలసి ఉంది, ఎందుకంటే పాత కాలనీల్లో ఇళ్లు కదలకుండానే కుంగుతాయి. ఇల్లు కట్టిన రోజున రోడ్డు కంటే రెండు మూడు అడుగుల ఎత్తున ఉన్న గచ్చు, పాత తారును గీకివేయకుండా దాని మీదే కొత్త తారు, ఆ తర్వాత సిమెంటు పరుచుకుంటూ పోవడం వల్ల, ఏళ్లు గడిచేసరికి రోడ్డుకు సమానమై, ఆపై దిగువకు చేరుతుంది. గేటు దగ్గర మెట్లు ఎక్కడం పోయి దిగడం వచ్చిందంటే ఆ ఇంటి చరిత్ర సగం తెలిసినట్టే. గేటుకు అడ్డంగా జానెడు ఎత్తున కట్టిన సిమెంటు దిమ్మె, అలమారా అడుగు చెక్కకు ఉబ్బిన అంచు, గోడకు మోకాలెత్తున రంగు తేలిపోయిన గీత ఇవన్నీ అమ్మేవారు చెప్పకపోయినా ఇల్లు తనంతట తాను ఇచ్చే వాఙ్మూలాలు.

నీటి సంగతిలో ఊరి పేర్లు కూడా సాక్ష్యమిస్తాయి. మాసాబ్‌ట్యాంక్‌లో నేడు చెరువు లేదు, కానీ ఆ పేరు మాసాహెబా తలాబ్ నుంచి వచ్చింది; తలాబ్‌కట్ట అంటే చెరువుగట్టు. కుంట, కట్ట, బౌలి అన్న తోకలున్న పేర్లను కొనేవారు పటం కంటే ఎక్కువగా నమ్మవచ్చు. దక్కను పీఠభూమి మీద చెరువులు గొలుసుకట్టుగా, అంటే పై చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగు గుండా కింది చెరువుకు చేరేలా ఉండేవి. ఆ వాగులే నగరపు నాలాలు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, 2020 అక్టోబరులో మళ్లీ కుండపోత పడి సరూర్‌నగర్, మీర్‌పేట ప్రాంతాల్లో చెరువుల దిగువ కాలనీలు మునిగినప్పుడు నీరు కొత్త దారి వెతుక్కోలేదు, పాత దారినే నడిచింది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు ఆక్రమించే హద్దును ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఆ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలి. 2024లో హైడ్రా అనే ప్రత్యేక సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలుపెట్టాక ఈ హద్దులు సామాన్యుల మాటల్లోకి వచ్చాయి. కాలనీ పాతది కాబట్టి ఇటువంటి చిక్కు ఉండదనుకోవడం పొరపాటు. పాతదనం వరదకు గాని చట్టానికి గాని మినహాయింపు పత్రం కాదు.

ఇంటి ఒంటి సంగతి చూడడం దీనికంటే తేలిక. ఇల్లు కట్టి చూడమన్న సామెత కొనడం గురించి ఏమీ చెప్పలేదు. కట్టినవాడు చూసినదంతా కొన్నవాడు మరోసారి చూడవలసి రావడమే దానికి కారణమేమో. షాబాద్ బండల గచ్చు, మొజాయిక్ వరండా, రాతి పునాది సాధారణంగా ఇంకో తరాన్ని మోస్తాయి. అనుమానించవలసింది స్లాబును. గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ, లోపలి ఇనుప చువ్వలను కాపాడే క్షారగుణాన్ని తగ్గించే ప్రక్రియను కార్బనేషన్ అంటారు. ఆ రక్షణ పోయాక చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పైపూతను బయటికి నెడుతుంది, పెచ్చులు ఊడతాయి. వంటింటి కప్పు, స్నానాల గది కప్పు, సన్‌షేడ్ల అడుగు భాగం కొత్త సున్నంతో తళతళలాడుతుంటే సంతోషించే ముందు కర్రతో తట్టి చూడడం మంచిది. గదులు విడతలుగా లేచిన ఇళ్లలో పాత స్లాబుకు కొత్త స్లాబు అతికిన చోట వాన కారుతుంది. మేడ మీది వాటాను ముందే ఊహించి పునాది వేశారా, లేక పదవీ విరమణ సొమ్ము అందిన ఉత్సాహంలో లేపారా అన్నది ఇంజినీరు చెప్పవలసిన మాట, మేస్త్రీ చెప్పే మాట కాదు.

కాగితాల విషయంలో పాత కాలనీ ఒక చేత్తో భరోసా ఇచ్చి రెండో చేత్తో చిక్కు పెడుతుంది. ఆస్తి మీద జరిగిన క్రయవిక్రయాలను, తనఖాలను చూపే ధ్రువపత్రాన్ని వాడుకలో ఈసీ అంటారు. తెలుగు రాష్ట్రాల్లో కంప్యూటరులో దొరికే ఈసీ 1983 నుంచి మొదలవుతుంది, అంతకు ముందటి సంగతులు సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు చేతిరాత పుస్తకాల్లో వెతికించుకోవలసిందే. మూలపట్టా నుంచి నేటి యజమాని దాకా చేతులు మారిన వరుసను చూపే దస్తావేజులు లింకు డాక్యుమెంట్లు. వాటిలో ఒక్క లంకె లేకపోయినా బ్యాంకు వకీలు కనుబొమ ఎగరేస్తాడు. బోర్డు ఇంటిని వాయిదాల మీద తీసుకున్న తొలి లబ్ధిదారు వాయిదాలు తీరకముందే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున వ్యవహరించే అధికారపత్రం రాసిచ్చి ఇల్లు అమ్మేసిన సందర్భాలు ఉంటాయి. అటువంటి పత్రం యాజమాన్య హక్కును బదలాయించదని సర్వోన్నత న్యాయస్థానం 2011లో తేల్చిచెప్పింది. 12 పురపాలికలు, 8 గ్రామ పంచాయతీలు నగరంలో కలిసి 2007లో జీహెచ్ఎంసీ ఏర్పడక ముందు, పంచాయతీ ముద్రతో వెలసిన లేఅవుట్ల కథ వేరు. వాటికి నగరాభివృద్ధి సంస్థ ఆమోదం ఉన్నదీ లేనిదీ, క్రమబద్ధీకరణ రుసుము కట్టినదీ లేనిదీ విడిగా చూడాలి. వాస్తు గురించి ఇక్కడ చెప్పవలసింది లేదు. ఆ లెక్క పక్కింటివారు కూడా ఉచితంగా చెబుతారు.

ఇన్ని చిక్కులున్నా పాత కాలనీని తూకంలో బరువుగా నిలబెట్టేవి కొన్ని ఉన్నాయి, అవి కొత్త గేటెడ్ సముదాయం డబ్బుతో కట్టలేనివి. కృష్ణా నీరు 2004లో, గోదావరి నీరు 2015లో నగరానికి చేరాక పాత కాలనీల కుళాయిల్లో రోజు విడిచి రోజైనా నదీజలం వస్తుంది, 2021 నుంచి నెలకు 20,000 లీటర్ల దాకా బిల్లు లేకుండా వస్తుంది. రాతి పొరల్లో చెమ్మ కోసం వెయ్యి అడుగులు తవ్విన బోరు, దాని వెనక ట్యాంకరు, ఇవి నగరం అంచున కొత్తగా లేచిన చాలా భవనాల దినచర్య. వనస్థలిపురం పక్కన నిజాముల నాటి వేటస్థలం 1975లో జింకల వనమైంది, దాని మీద అపార్ట్‌మెంటు లేచే భయం లేదు. 2017, 2018 సంవత్సరాల్లో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రావడంతో కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాల పాత కాలనీలు నగరానికి దూరమన్న మాట చెల్లకుండా పోయింది. చేతికందే ఎత్తున కరివేపాకు చెట్టు, ఇస్త్రీ బండి, అరువు రాసుకునే కిరాణా కొట్టు, ఎండకాలం ఎవరి ఇంటికి తాళం ఉందో తెలిసిన వీధి: వీటిని విలువ కట్టే పట్టిక ఏ బ్యాంకులోనూ లేకపోయినా, నడక నేర్చే పిల్లవాడో, నడక తడబడే పెద్దవారో ఇంట్లో ఉన్న కుటుంబానికి వాటి వెల తెలుసు. నిర్మాణంలో ఉన్న ఫ్లాటు మీద పడే జీఎస్టీ పాత ఇంటి మీద పడదన్న చిన్న ఓదార్పు కూడా ఉంది.

ఇల్లు చూడడానికి ఆదివారం పొద్దుటి పూట పనికిరాదన్నది అనుభవజ్ఞుల మాట, ఎందుకంటే ఆ వేళ ప్రతి వీధీ మంచిదే. నీళ్లు వదిలే తెల్లవారుజామున, ఆఫీసుల నుంచి కార్లు తిరిగివచ్చే రాత్రి తొమ్మిదింటికి, గట్టి వాన వెలిసిన అరగంటకు చూడాలి. ఇంటి కంటే ముందు ఆ ఇంటికి నాలుగు వైపులా ఉన్న ఇళ్లను చూడాలి, వాటి యజమానుల వయసు, పిల్లల నెలవు తెలుసుకోవాలి. అది అమర్యాదగా తోచవచ్చు గాని, కొనబోయే కాలనీ భవిష్యత్తు ఆ నాలుగు ఇళ్లలోనే ఉంటుంది.

బేరం కుదిరాక అమ్మేవారు విదేశంలో ఉంటే, అక్కడి రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన అధికారపత్రం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం కట్టించాలి. స్థానిక అమ్మకందారు అయితే 50 లక్షలు, అంతకు మించిన ఆస్తి వెలలో ఒక శాతం పన్ను మినహాయించే కొనుగోలుదారు, అమ్మేవారు ప్రవాసులైనప్పుడు అంతకంటే చాలా ఎక్కువ మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. ఆ తర్వాత మిగిలేది దస్తావేజు చివరి పుటలో ఉండే షెడ్యూలు, అంటే ఆస్తి వివరణ. ఆ పుట ఇంటిని దాని గోడలతో గుర్తించదు, ఇరుగుపొరుగుతో గుర్తిస్తుంది: తూర్పున ఫలానావారి ఇల్లు, ఉత్తరాన ఫలానావారి స్థలం, పడమట 30 అడుగుల రోడ్డు. పాత కాలనీలో లేఖరులు ఈ నాలుగు హద్దులను వెనకటి లింకు డాక్యుమెంటు నుంచి యథాతథంగా ఎత్తిరాస్తుంటారు, అందువల్ల ఇల్లు ఖాళీ చేసి పదేళ్లయినవారు, లోకమే ఖాళీ చేసినవారు కూడా హద్దుల్లో ఇంకా కాపురముంటారు. రిజిస్ట్రేషనుకు ముందు కొనుగోలుదారు ఆ పేర్లను నేల మీది వాస్తవంతో సరిచూడాలి, సరిపోనిచోట మార్పించాలి. అప్పుడు తూర్పు హద్దులో ఒక మాస్టారి పేరు తీసివేసి, అయిదంతస్తుల అపార్ట్‌మెంటు పేరు రాస్తారు.